సెల్టిక్ వీవ్ రగ్గు: పైన అంత అందం, లోపల మెట్టెలకు అంత తంటా

క్రోషేలో నాకు వచ్చిన కుట్లన్నిట్లోకీ సెల్టిక్ వీవ్ అంటే ప్రాణం. జడలా మెలితిరిగే మామూలు కేబుల్ కుట్లు ఎవరికి వారే అన్నట్టు నిలువుగా పైకి ఎక్కిపోతాయి, పక్కదాన్ని తాకవు. ఇది అలా కాదు. రెండేసి కాడలు, అంటే కుట్ల నిలువు భాగాలు, జంటగా ఒక అంచు నుంచి ఏటవాలుగా బయల్దేరి, ఎదురొచ్చిన జంటకి ఒకసారి మీదుగా, ఇంకోసారి కిందుగా పోతూ అవతలి అంచు దాకా వెళ్తాయి. అక్కడ మళ్లీ వెనక్కి తిరుగుతాయి. నులక మంచం అల్లిక ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మగ్గం లేదు, కేబుల్ సూది లేదు, ఒక్క హుక్కుతో ఇదంతా వస్తుంది. ఇన్నేళ్లు వాడాక కూడా ఆ రగ్గు పరిచినప్పుడల్లా ఒకసారి చెయ్యి వేసి నిమురుతాను.

నెల్లూరు ఎండల్లో రగ్గుతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే మూడు పూటలూ ముసురే, రాత్రికి ఏదో ఒకటి కప్పుకోవాల్సిందే. ఏసీ గదిలో మిగతా నెలలు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లినప్పుడు కూడా ఇదే తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు తీసుకెళ్లడం లేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

నేర్చుకునేవాళ్లని ముందు ఇబ్బంది పెట్టేది ట్రెబుల్ అన్న పేరు. అమెరికా వాళ్లు ట్రెబుల్ అంటే హుక్కుకి దారం రెండు చుట్లు. అదే పేరుతో బ్రిటన్ వాళ్లు చెప్పేది ఒక్క చుట్టు కుట్టు. ఈ అల్లికకి కావాల్సింది రెండు చుట్లదే. ఒక్క చుట్టుతో అల్లితే కాడ పొట్టిదై, రెండు కుట్లు దాటి వెళ్లలేక బట్ట బిర్రుగా అట్టలా తయారవుతుంది. కుట్టు తలలో, అంటే పైనుండే గొలుసులో కాకుండా, కాడ చుట్టూ హుక్కు తిప్పాలన్నది ఏ వీడియోలోనైనా చూపిస్తారు కాబట్టి అది వదిలేస్తున్నా.

వీడియోల్లో సరిగా చెప్పనిది ఇంకొకటుంది. మంచి మొహం, అంటే అల్లిక తేలి కనపడే వైపు, మన వైపున్న వరసలో రెండు కుట్లు వదిలి, తర్వాతి రెండూ అల్లి, వదిలిన రెండింటికి వెనక్కి వచ్చినప్పుడు వాటిని ముందు నుంచి తీసుకెళ్తాం. తిప్పి అల్లే వరసలో అదే పని వెనక నుంచి చెయ్యాలి. ముందా వెనకా అని ప్రతి వరసకీ తడుముకునే బదులు నేను ఒకటే గుర్తు పెట్టుకున్నాను: తర్వాత అల్లిన జంట ఎప్పుడూ మంచి మొహం వైపే తేలాలి. ఇది మనసుకి పట్టాక టెన్షన్ లేదు. ఇక తిప్పి అల్లే వరసలో మొదటి రెండూ చివరి రెండూ దాటించకుండా నేరుగా అల్లడం మర్చిపోకూడదు. ఆ రెండేసి కుట్ల జరుగుడు వల్లే జంటలు ఏటవాలుగా ప్రయాణం చేస్తాయి. అది లేకపోతే నాలుగేసి కుట్ల మెలికలు విడివిడిగా నిలబడి, మధ్యలో సందులు పడతాయి. మొత్తం కుట్లు 4తో భాగింపబడాలి, అంచులకి అటొకటి ఇటొకటి అదనం.

చెయ్యి తిరిగాక ఈ అల్లిక లెక్కపెట్టక్కర్లేదు. కాడలు లావుగా పైకి తేలి ఉంటాయి కాబట్టి ఏ జంట ఎటు పోతోందో వేళ్లకే తెలుస్తుంది. తుఫాను రాత్రి కరెంటు పోతే చీకట్లోనే వరస పూర్తి చేశాను. అంచులు మాత్రం వెలుతురులో చూసుకోవాలి, అక్కడ వేళ్లని నమ్మలేం.

ఊలు బాగా తింటుంది. మామూలు డబుల్ క్రోషేతో (అమెరికా పేరు, ఒక్క చుట్టుది) పోలిస్తే నా చేతికి ఒకటిన్నర రెట్లు పైనే పట్టింది. వెడల్పు కూడా లోపలికి లాగేస్తుంది, అందుకే 5 మిల్లీమీటర్ల హుక్కు వాడే ఊలుకి నేను 6 వాడాను. ఉండలన్నీ ఒకేసారి, లేబుల్ మీద లాట్ నంబరు ఒకటే ఉన్నవి చూసి కొనండి. చిన్నబజారులో నేను రెండోసారి వెళ్లేసరికి ఆ లాట్ అయిపోయింది. అదే రంగే గానీ, పగటి వెలుతురులో తేడా తెలిసింది.

ఇక అసలు సంగతి. మా పక్కింటి పిన్నిది నర్సాపురం. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. 2024లో నర్సాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు వీధి మొత్తానికీ స్వీట్లు పంచింది. రగ్గు పూర్తయిందని చూపిస్తే, అందరిలా పైన చూడలేదు, ముందు తిరగేసింది. "పైకి బానే ఉంది గానీ, వంటికి తగిలేది ఇదే కదమ్మా" అంది. ఆవిడ వేలు పెట్టి చూపించింది వెనక అడ్డంగా వరస వరసకీ తేలిన గట్లు. కాడలన్నిటినీ మంచి మొహం వైపు లాగేస్తాం కాబట్టి కుట్ల తలలన్నీ వెనక్కి వచ్చి గొలుసుల్లా నిలబడతాయి. ఆ అల్లిక తీరే అంత, ఎవరు అల్లినా వస్తాయి.

ఆ మాట ఎందుకందో ఒక ముసురు రాత్రి తెలిసింది. అత్తమ్మ ఆ రగ్గు కప్పుకుని పడుకున్నారు. నడిరాత్రి పిలుపు: "అమ్మాయ్, లైటెయ్యమ్మా, నా కాలు ఏందో పట్టుకోనుండాది." చూస్తే మెట్టె ఆ గట్టులో దూరి ఇరుక్కుంది. ఆవిడ నిద్రలో కాలు లాక్కున్నారు, దారం జానెడు బయటికి వచ్చేసింది. మెట్టె తీసేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. రగ్గు మంచి మొహం మీద రెండు జంటలు బిగదీసుకుపోయి, చుట్టూ బట్టంతా ముడతలు పడింది. తెగలేదు, అదొక్కటే అదృష్టం. "నా వల్లే గదా పాడయింది" అని ఆవిడ తెల్లారేదాకా పడుకోలేదు. నాకు రగ్గు కంటే ఆ మాటే ఎక్కువ బాధేసింది.

పొద్దున్నే పైన నుంచి సర్దబోతే పని కాలేదు. దారం రెండు ముందుకు, రెండు వెనక్కి దూకుతూ పోతుంది కాబట్టి, పక్కనున్న కాడని లాగితే వదులు ఇంకెక్కడికో పోతోంది. పిన్ని వచ్చి మళ్లీ తిరగేసింది. పైన కాడలు ఎన్ని దాట్లు దాటినా, వెనక గట్టులో తలలు మాత్రం వరసగా ఒకదాని పక్కన ఒకటే ఉంటాయి. ఆ గట్టు వెంట, లేసు అల్లే సన్నటి స్టీలు హుక్కుతో ఒక్కో తలా ఎత్తుతూ, బయటికొచ్చిన దారాన్ని కొంచెం కొంచెంగా అటూ ఇటూ పంచుకుంటూ పోయింది. కాఫీ చల్లారిపోయేలోగా ముడతలు విప్పుకున్నాయి. మెట్టెని పట్టుకున్న గట్టే దారి చూపించింది. ఇప్పుడు ఎక్కడ లాగిందో నేను చూపిస్తే తప్ప ఎవరూ కనుక్కోలేరు.

ఆ తర్వాత రగ్గుకి లైనింగ్ వేశాను. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి నూలు చీర ఒకటి ఉంది. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా ఇంట్లో అది ఇప్పటికీ నెల్లూరు చీరే. ఎన్నో ఉతుకులు చూసిన చీర కాబట్టి ఇంక కుదించుకుపోయే భయం లేదు. నాలుగంచులూ కుట్టి, మధ్యలో జంటలు దాటే చోట అక్కడక్కడా ఒక్కో కచ్చా కుట్టు వేశాను. బిగించి కుడితే రగ్గు సాగదు, అందుకని వదులుగానే వేశాను. ఒంటికి చీర, పైకి అల్లిక. అత్తమ్మ మళ్లీ కప్పుకుంటున్నారు, నాకు అది చాలు.

దీంతో బరువు పెరిగింది. రైల్లోకి తీసుకెళ్లడం మానేసింది అందుకే. ఉతికితే ఇంట్లో ఇద్దరం పట్టి పిండాలి, దండెం మీద వేలాడేస్తే సాగుతుంది, మంచం మీద పరిచి ఆరబెట్టాలి. వానల్లో అయితే ఉతకనే ఉతకను. పైన ప్రాణం అన్నాను కదా, ఆ ప్రేమ అల్లడం మీద ఎక్కువ, ఉతకడం మీద అంత లేదు.

మీరు నేర్చుకోవాలా అంటే, మీ ఇంట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పసిపిల్లలకి మాత్రం లైనింగ్ లేకుండా నేనైతే ఇవ్వను, వేళ్లు గట్లలో దూరుతాయి. మెట్టెలు, పట్టీలు పెట్టుకునే వాళ్లకైనా అంతే. మొదటిసారి అల్లేవాళ్లు రగ్గుతో కాకుండా దిండు గలీబుతో మొదలుపెడితే మంచిది, దానికి వెనక వైపు ఎలాగూ కనపడదు, తగలదు. నాకు తీరిక ఉంది, పిన్ని పక్కనే ఉంది, అత్తమ్మకి చలి ఎక్కువ. ఇవేవీ లేనివాళ్లకి ఇంత ఊలు పెట్టమని గట్టిగా చెప్పలేను.

బెంగళూరులో ఉన్న చెల్లికి ఇప్పుడు ఇంకొకటి మొదలుపెట్టాను. తను మెట్టెలు పెట్టుకోదు కాబట్టి దానికి లైనింగ్ వెయ్యడం లేదు. ఈసారి ఊలు ఉండలు మాత్రం రెండు ఎక్కువే తెచ్చిపెట్టుకున్నాను.