ఎం-చాట్ ఫారం: ఫ్రీయే, కానీ కరపత్రంలా పంచేది కాదు

ప్రపంచ ఆటిజం అవగాహన దినం, ఏప్రిల్ 2 దగ్గర పడుతుంటే బస్తీల్లో, అపార్ట్‌మెంట్లలో, అంగన్‌వాడీల దగ్గర ఆటిజం అవగాహన శిబిరాలు మొదలవుతాయి. నీలం బ్యానర్లు, సెల్ఫీ ఫ్రేములు అలా ఉంచితే, వాలంటీర్లకు నిజంగా పనికొచ్చే వస్తువు ఎం-చాట్-ఆర్/ఎఫ్. డయానా రాబిన్స్, డెబొరా ఫైన్, మరియాన్ బార్టన్ అనే ముగ్గురు అమెరికన్ నిపుణులు తయారుచేసిన ఇరవై ప్రశ్నల ఫారం ఇది. పసిపిల్లల్లో ఆటిజం అనుమానాన్ని ముందే పట్టడానికి తల్లిదండ్రుల్ని అడిగి నింపుతారు. ఖర్చల్లా జెరాక్సు డబ్బులే. నింపడానికి ఓ పది నిమిషాలు, లెక్కెయ్యడానికి రెండు నిమిషాలు. ఈ ధరకి ఇంతకన్నా మంచిది దొరకదు. తేడా వచ్చేదల్లా వాడే తీరులోనే.

మొదటి పొరపాటు వయసు దగ్గరే జరుగుతుంది. 16 నుంచి 30 నెలల పిల్లలకే ఈ ఫారం. ఇందులో మార్కు పెరిగేకొద్దీ అనుమానం పెరిగినట్టు. నాలుగేళ్ల బాబుకి నింపితే వచ్చే మార్కుకి అర్థం లేదు. ఆ వయసుకి వేలు చూపడం, పిలిస్తే తిరగడం వచ్చేసి ఉండొచ్చు, మార్కు తక్కువొస్తుంది, "ఏం లేదమ్మా" అని పంపేస్తారు. "రెండేళ్లు నిండాయండి" అన్న నోటిమాట కూడా నమ్మొద్దు. టీకాల కార్డు తెప్పించి, పుట్టిన తేదీ నుంచి నెలలు లెక్కకట్టాలి.

ఇక మార్కులు. పదిహేడు ప్రశ్నల్లో "లేదు" అంటే ఒక మార్కు. 2, 5, 12 మాత్రం తిరగేసి ఉంటాయి: చెవుడేమోనని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా, కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తాడా, రోజూ వినే చప్పుళ్లకే గాబరా పడతాడా. వీటికి "అవును" అంటేనే మార్కు. హడావుడిలో లెక్క తప్పేది ఈ మూడింటి దగ్గరే. ముందే పెన్నుతో చుట్టేసి పెట్టుకుంటే గొడవ ఉండదు.

తెలుగులో అడిగేటప్పుడు అసలు చిక్కు "చూపిస్తాడా?" అన్న మాటతో వస్తుంది. 6వ ప్రశ్న కావలసినదాన్ని వేలితో చూపి అడగడం గురించి. 7వది ఆసక్తిగా కనిపించినదాన్ని వేలితో మనకి చూపడం. 9వది వస్తువుని తెచ్చి, ఊరికే "చూడు" అన్నట్టు పైకెత్తడం. మూడింటికీ మన నోట్లో ఒకే మాట, "చూపిస్తాడు". దాహమేస్తే అమ్మ మణికట్టు పట్టుకుని వాటర్ ఫిల్టర్ దాకా లాక్కెళ్లే పిల్లాడి గురించి కూడా ఆ తల్లి "ఆఁ, చూపిస్తాడండీ" అనే అంటుంది. అది వేలు చూపడం కాదు. అందుకని "వేలు ఎలా పెడతాడో మీరు చేసి చూపించండి, అప్పుడు మీ మొహం వైపు చూస్తాడా?" అని అడగాలి. ఆకాశంలో విమానాన్నో, గోడ మీద పిల్లినో చూపించి మళ్లీ అమ్మ మొహంలోకి చూస్తాడా లేదా అన్నది ఈ ఫారంలో అన్నిటికన్నా విలువైన సమాచారం.

"అప్పుడప్పుడు చేస్తాడు" అన్న జవాబు ఇంకో గుంట. ఒకటి రెండుసార్లు చేసినా మామూలుగా చేయకపోతే "లేదు" అనే రాయమని ఫారంలోనే ఉంది. అది చదివి వినిపించేవాళ్లు తక్కువ. పేరు పెట్టి పిలిచే ప్రశ్నకి కూడా ఇంట్లో పిలిచే పేరే వాడాలి. రికార్డులో పేరు ఏదైనా, బుజ్జిగాడు "బుజ్జీ" అంటేనే తిరుగుతాడు. ఫోన్‌లో వీడియో నడుస్తుంటే ఏ పిల్లాడూ తిరగడు, అది ఆపి పిలవాలి.

0–2 వస్తే ప్రస్తుతానికి భయం లేదు, రెండేళ్లు నిండకపోతే నిండాక మళ్లీ చేయాలి. 8 ఆపైన వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి. 3–7 వచ్చిందా, పేరు చివర ఉన్న "ఎఫ్" పని అక్కడే. ఫాలో-అప్‌లో, మార్కు పడ్డ ప్రశ్నల్ని మాత్రమే ఉదాహరణలతో మళ్లీ అడుగుతారు. అప్పటికీ 2 లేదా ఎక్కువ మిగిలితేనే పాజిటివ్, అంటే నిపుణులకి చూపించాలి. చాలా శిబిరాల్లో ఇది ఎగిరిపోతుంది. ఫారం పంచేస్తారు, తల్లి ఇంట్లో తనే లెక్కేసుకుని నాలుగు చూసి నిద్ర మానేస్తుంది. ఫాలో-అప్ చేసే ఓపిక లేని జట్టు ఈ ఫారం ముట్టుకోకపోవడమే మేలు.

2014లో అచ్చయిన, 16,071 మంది పిల్లల మీద చేసిన పరిశీలనలో ఫాలో-అప్ తర్వాత కూడా పాజిటివ్ వచ్చి, నిపుణులు పరీక్షించిన వాళ్లలో ఆటిజం తేలింది 47.5 శాతం మందికి. ఎదుగుదలలో ఏదో ఒక ఆలస్యమో అనుమానమో ఉన్నది మాత్రం 94.6 శాతం మందికి. కాబట్టి వాలంటీరు నోట "ఆటిజం ఉంది" రాకూడదు. "మేనమామకీ మాటలు లేటేలెండి" అన్న ఓదార్పూ రాకూడదు. వినికిడి పరీక్ష చేయించమని, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లమని చెప్పాలి. సికింద్రాబాద్ చుట్టుపక్కలైతే మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. పిల్లల ఆరోగ్యం తనిఖీ చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి వచ్చే రోజు కనుక్కుని వాళ్లకీ చెప్పాలి.

ఫారంలో లేనిది ఒకటుంది. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునే పాపతో పక్కింటివాళ్లు ఎలా మెలగాలో, పుట్టినరోజుకి ఆ పిల్లని పిలవాలంటే ఏం మార్చుకోవాలో ఇందులో ఒక్క ముక్క ఉండదు. "లేదు"లన్నీ వరసగా రాయించుకున్న తల్లి ముందు, పాపకి ఏం ఇష్టమో అడగడం వాలంటీరే గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్నల వరస మార్చడం, నాలుగు తీసేయడం కుదరదు, కాపీరైటు షరతులు ఒప్పుకోవు. కింద ఉన్న కాపీరైటు లైను చెరిపేసి సంస్థ లోగో అతికించడమూ అంతే. నింపిన కాగితాలు బల్ల మీద వదలొద్దు. పిల్లాడి పేరు, మార్కు సాయంత్రానికి కాలనీ అంతా తిరిగేస్తాయి.