మస్టాంగ్‌కి వెనక 305 టైర్లు: ఒక సెట్టు అరిగిపోయేదాకా వాడాక

కారు 2016 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, మాన్యువల్ గేర్లు, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ముందు 9 అంగుళాల రిమ్ముల మీద 255/40 ఆర్19, వెనక 9.5 అంగుళాల రిమ్ముల మీద 275/40 ఆర్19 టైర్లు ఉన్నాయి (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము వ్యాసం అంగుళాల్లో). ముందువైపు ఏమీ కదిలించకుండా వెనక మాత్రం 11 అంగుళాల రిమ్ములు, 305/35 ఆర్19 సమ్మర్ టైర్లు వేయించాను. మొదటి సెట్టు పూర్తిగా అరిగిపోయింది, రెండోది సగం దాటింది. కాబట్టి కొత్త టైర్ల మోజులో రాస్తున్న మాటలు కావివి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెనక వెడల్పు పెంచితే పట్టు పెరగడం నిజమే. కానీ జనం చెప్పుకునేంత కాదు. అందులో పెద్ద వాటా రబ్బరుది. అరిగి గట్టిపడిపోయిన పాత 275 తీసేసి మెత్తటి కొత్త 305 వేసుకుని "ఆహా, వెడల్పు మహిమ" అనుకునేవాళ్లే ఎక్కువ. నా దగ్గర ఒరిజినల్ రిమ్ములు కూడా ఉన్నాయి. వాటి మీద అదే కంపెనీ, అదే మోడల్ టైరు 275 సైజులో కొత్తవి వేయించి, మార్చి మార్చి నడిపాను. ఈ సమీక్షలో నాకు నమ్మకం ఉన్న భాగం ఆ పోలికే.

అసలు ఎందుకు మార్చాలనిపించిందంటే, 435 హార్స్‌పవర్, 542 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న 5 లీటర్ల వీ8 ఇది. చక్రాలకు టార్క్ పెంచి పంపే 3.73 ఫైనల్ డ్రైవ్ గేరు ఉంది. జారని చక్రానికి ఎక్కువ శక్తి పంపే టోర్సెన్ డిఫరెన్షియల్ ఉన్నా, రెండో గేరులో మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ కాస్త తొందరగా నొక్కితే డాష్‌బోర్డులో స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారిపోకుండా చూసే కంప్యూటర్ వ్యవస్థ) లైటు మిణుకు మిణుకుమంటుంది. ఇంజన్ ఇస్తున్న శక్తిని కంప్యూటర్ మింగేస్తుంటే చిరాకేస్తుంది.

సైజు ఎంచుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. 275/40 ఆర్19 టైరు వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు. 305/35 ఆర్19 వ్యాసం 696. అంటే ఒక శాతం కంటే తక్కువే తేడా. స్పీడోమీటర్ ఆ మేరకు కాస్త ఎక్కువ చూపిస్తుంది, అంతే. 305/30 కూడా దొరుకుతుంది, చూడటానికి ఇంకా కసిగా ఉంటుంది. కానీ దాని వ్యాసం 666 దగ్గర ఆగిపోతుంది, అసలు దానికంటే అయిదు శాతానికి పైగా తక్కువ. ముందు టైరు 255/40 వ్యాసం 687 కదా. కంపెనీ సెట్టింగులో వెనక చక్రం ముందుదానికంటే రెండు శాతం పెద్దది. 305/30 వేస్తే అది మూడు శాతం చిన్నదవుతుంది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ పనిచేసేది నాలుగు చక్రాల వేగాలను పోల్చుకుంటూనే. వెనక చక్రాలు ఎప్పుడూ ముందువాటికంటే వేగంగా తిరుగుతుంటే కంప్యూటర్ వాటిని జారుతున్న చక్రాలుగా లెక్కగట్టే అవకాశం ఉంది. పట్టు కోసం వేసిన టైరు వల్లే పవర్ కోత పడిందంటే అంతకంటే విడ్డూరం ఉండదు. ముందు టైర్లు మార్చకుండా 305/30 వేయొద్దని గట్టిగానే చెబుతాను.

తర్వాతది ఆఫ్‌సెట్. రిమ్ము మధ్యగీత నుంచి హబ్‌కి (చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే తలం ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత ఇది. ఒరిజినల్ వెనక రిమ్ము 9.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 52.5. నేను తీసుకున్నది 11 అంగుళాలు, ప్లస్ 52. ఆఫ్‌సెట్ దాదాపు అంతే ఉంది కాబట్టి పెరిగిన వెడల్పు రెండు పక్కలా సమానంగా పంచుకుంది. లోపలికి సుమారు 18.5 మిల్లీమీటర్లు, బయటికి 19.5. ఈ లెక్క రిమ్ముది మాత్రమే. టైరు పొట్ట ఎక్కడిదాకా వస్తుందో వేరే చూసుకోవాలి. ఒకే టైరును అర అంగుళం వెడల్పైన రిమ్ము మీద వేస్తే దాని పక్క వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతేకాదు, ఒకే 305 అని రాసి ఉన్నా ఒక కంపెనీ టైరు ఇంకో కంపెనీ దానికంటే లావుగా ఉంటుంది. కొనేముందు కంపెనీ ఇచ్చే స్పెక్ షీటులో సెక్షన్ వెడల్పు (టైరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మొత్తం వెడల్పు), దాన్ని ఎంత రిమ్ము మీద కొలిచారో, రెండూ కలిపి చూడండి. రిమ్ము కొనేటప్పుడు సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) హబ్‌కి సరిపోయేదే తీసుకోండి. స్పేసర్లతో (రిమ్ముకీ హబ్‌కీ మధ్య పెట్టే బిళ్లలతో) సర్దుబాటు చేసే ఆలోచన నాకు మొదటి నుంచీ నచ్చదు.

నా కారు ఎత్తు తగ్గించలేదు, స్ప్రింగులు కంపెనీవే. అందువల్ల లోపల గానీ బయట గానీ టైరు ఎక్కడా రాసుకోలేదు. వెనక మనుషులను కూర్చోబెట్టి, డిక్కీ నింపి, గతుకుల్లో తిప్పి, వీల్ ఆర్చ్ లోపల వేలుపెట్టి వెతికి మరీ చూశాను. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు ఈ సస్పెన్షన్‌లో చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అందుకే బయటి అంచుకు ఇబ్బంది రాలేదు. తక్కువ ఎత్తు స్ప్రింగులు వేసినవాళ్లకు లోపలివైపు లెక్క మారిపోతుంది. ఒక్కో స్ప్రింగు తీసేసి, జాకీతో హబ్‌ను పైదాకా ఎత్తి చూస్తే తప్ప నమ్మకంగా చెప్పలేం.

ఈ బాడీకి ఈ వెడల్పు పడుతుందని ఫోర్డే నిరూపించింది. ఇదే తరం షెల్బీ జీటీ350కి వెనక 11 అంగుళాల రిమ్ము మీద 305/35 ఆర్19 టైరే ఇచ్చింది. ఆ కారులో విండ్‌షీల్డు ముందున్న బాడీ అంతా కొత్తగా చేశారు, వెనక భాగం మాత్రం మామూలు మస్టాంగ్‌దే. అయితే ఆ కారు పేరు చెప్పి వెనక 305 వేసుకునేవాళ్లు దాని ముందు చక్రాల సంగతి ఎత్తరు. దానికి ముందు 10.5 అంగుళాల రిమ్ము మీద 295/35 టైర్లు. ముందుకీ వెనక్కీ తేడా 10 మిల్లీమీటర్లే. నా కారుకు అసలు ఉన్న తేడా 20, ఇప్పుడు 50. ఈ 50 గురించి కింద మళ్లీ చెబుతాను, అసలు కథంతా అందులోనే ఉంది.

బిగింపు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నట్లు ఎం14, టార్క్ 204 న్యూటన్ మీటర్లు. చక్రం బిగించేచోట ఎయిర్ గన్‌తో గర్రుమనిపించి వదిలేస్తుంటే ఒప్పుకోకండి, ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో జరగాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. టైరు ప్రెషర్ సెన్సర్లు పాతవే కొత్త రిమ్ముల్లోకి మార్పించాను.

ఇక నడక. టైర్లు వేడెక్కాక, పొడి రోడ్డు మీద, ఒకే మోడల్ 275తో పోలిస్తే 305 తెచ్చిన తేడా నిలబడ్డచోటు నుంచి దూకేటప్పుడు కనిపిస్తుంది గానీ బ్రహ్మాండం బద్దలయ్యేంత కాదు. మొదటి గేరులో పూర్తిగా తొక్కితే రెండూ జారతాయి. 305 కాస్త ఆలస్యంగా జారుతుంది, జారినా తొందరగా దారికొస్తుంది. మలుపు చివర రెండో గేరులో పవర్ ఇచ్చేటప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తుంది. స్టెబిలిటీ లైటు వెలగడం చాలా తగ్గింది. ట్రాక్ మీద ఇంకో లాభం కనబడింది. 275 కొన్ని ల్యాపులకే వేడెక్కిపోయి జిడ్డు మీద నడుస్తున్నట్టు అయ్యేది, 305 అదే పట్టును చాలాసేపు నిలబెడుతుంది. ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకు నా దృష్టిలో ఇదే అతి పెద్ద కారణం.

ఎందుకిలా అంటే, వెడల్పు టైరు వేస్తే నేలను తాకే ముక్క అమాంతం పెద్దదైపోతుందని చాలామంది అనుకుంటారు. కారు బరువు మారలేదు, గాలి ప్రెషర్ మారలేదు, అలాంటప్పుడు ఆ ముక్క వైశాల్యం కూడా పెద్దగా మారదు. మారేది దాని ఆకారం, పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. మలుపులో ఆ ఆకారం పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది. టైరులో రబ్బరు ఎక్కువ కాబట్టి వేడి కూడా ఎక్కువ చోటికి పంచుకుంటుంది. అంతకుమించి మాయ ఏమీ లేదు.

ఇప్పుడు ఆ 50 సంగతి. వెనక పట్టు పెంచి ముందు అలాగే వదిలేస్తే కారు తూకం మారుతుంది. మస్టాంగ్‌కి అసలే మలుపులో ముక్కు బయటికి లాగే గుణం ఉంది. 305 వేశాక అది పెరిగింది. నెమ్మదిగా తిరిగే మలుపుల్లో స్టీరింగ్ ఇంకొంచెం తిప్పాలి, ముందు టైర్లు ముందుగా చేతులెత్తేస్తాయి. ఇంతకుముందు యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం కాస్త తిరిగి ముక్కును లోపలికి తెచ్చేది. ఆ సరదా సగం పోయింది. రోజువారీ డ్రైవింగులో ఇది తెలియదు, పైగా కారు స్థిరంగా ఉన్నట్టే అనిపిస్తుంది. భయం భయంగా నడిపేవాళ్లకు ఇది వరమే కావచ్చు. నాకు నచ్చలేదు.

దీన్ని కొంతవరకు సరిచేశాను. ఈ కారుకు ముందు క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మార్చే వీలు కంపెనీ ఇవ్వలేదు. అందుకని క్యాంబర్ ప్లేట్లు వేయించి నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) రెండు డిగ్రీలకు కొంచెం తక్కువగా పెట్టించాను. దాంతో ముక్కు చాలావరకు మాట వింటోంది. వెనక గాలి కూడా డోరు దగ్గర స్టిక్కరులో రాసినదానికంటే రెండు పీఎస్ఐ తగ్గించాను, ఎందుకంటే స్టిక్కరు ప్రెషర్‌తో మొదటి సెట్టు నడిమధ్య ముందుగా అరగడం మొదలైంది. పెద్ద టైరు అదే బరువును తక్కువ గాలితో మోయగలదు. అయినా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే సంఖ్య) చూసుకోకుండా ఎవరూ నన్ను చూసి గాలి తగ్గించొద్దు.

వానలో మాత్రం 305 నాకు టెన్షనే. రోడ్డు తడిగా ఉంటే ఫరవాలేదు, నీళ్లు నిలిచిన చోటే సమస్య. నీటి మీద టైరు తేలిపోయే వేగానికి 1963లో నాసా పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఒకటుంది. అందులో ఉన్నది గాలి ప్రెషర్ ఒక్కటే. 32 పీఎస్ఐకి ఆ లెక్క గంటకు సుమారు 94 కిలోమీటర్లు చెబుతుంది. విమానాల టైర్ల మీద పరీక్షల నుంచి వచ్చిన సూత్రం కాబట్టి కారుకు దాన్ని అక్షరాలా పట్టుకోలేం. కానీ నేలను తాకే ముక్క అడ్డంగా, పొట్టిగా ఉంటే నీటిని పక్కకు తోయడం కష్టమవుతుందని తర్వాతి పరిశోధనల్లోనూ తేలింది. 305తో హైవే మీద నీటి మడుగులోకి దిగినప్పుడు వెనక భాగం ఒక్క క్షణం తేలికైపోవడం స్పష్టంగా తెలుస్తుంది. అదే టైరు 275లో అదే వేగానికి అంతగా అనిపించదు. ట్రెడ్ సగానికి వచ్చాక వాన పడుతుంటే నేను వేగం బాగా తగ్గించేస్తున్నాను. వానాకాలం మొదలవగానే ఒరిజినల్ రిమ్ములు ఎక్కించేయడం ఇప్పుడు అలవాటైపోయింది. చలి బాగా ఉండే చోట కూడా ఇదే సలహా. ఏడు డిగ్రీల కంటే కింద సమ్మర్ టైరు గట్టిపడిపోతుంది, ఎంత వెడల్పున్నా ఉపయోగం లేదు.

చిన్న చిన్న చిరాకులు కూడా ఉన్నాయి. బయటికి వచ్చిన ఆ 19.5 మిల్లీమీటర్లు రాళ్లను ఎగరేసి చక్రం వెనకున్న బాడీ మీద కొడతాయి. అక్కడ పారదర్శకమైన ఫిల్మ్ ముందే వేయించుకోవడం మంచిది. పార్కింగులో గట్టుకు గీసుకునేది కూడా ఆ అంచే. లారీలు నడిచి గాడిపడ్డ రోడ్డు మీద వెనక భాగం కొంచెం అటూ ఇటూ వెతుక్కుంటుంది. టైరు అరిగేకొద్దీ రొద పెరుగుతుంది. పెట్రోల్ ఖర్చు పెరిగింది గానీ ఈ ఇంజన్ పెట్టుకుని దాని గురించి ఫిర్యాదు చేయడం భావ్యం కాదు.

అరుగుదల విషయంలో పెద్ద తేడా రాలేదు. ముందూ వెనకా వేర్వేరు సైజులు కాబట్టి టైర్లు ముందుకు వెనక్కి మార్చుకునే వీలు ఎలాగూ మొదటి నుంచీ లేదు. వెనక టైర్లలో లోపలి అంచు బయటి అంచు కంటే తొందరగా అరుగుతుంది. చాలామంది దానికి క్యాంబర్‌ను తిడతారు గానీ నా కారులో టో (పైనుంచి చూస్తే చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పే కోణం) సరిచేయించాక ఆ తేడా చాలావరకు పోయింది. వెడల్పు టైరు వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించండి, రెండు వేల కిలోమీటర్ల తర్వాత లోపలి అంచు చేత్తో తడిమి చూసుకోండి.

ట్రాక్ మీద వేడిని తట్టుకోవాలి, లేదా పవర్ ఇంకా పెంచబోతున్నారు అనుకుంటే వెనక 305 పెట్టడంలో అర్థం ఉంది. ఉన్న పవర్‌తో రోడ్డు మీద మాత్రమే నడిపేవాళ్లు ఒరిజినల్ రిమ్ము మీదే మంచి రబ్బరు ఉన్న 275 వేసుకుంటే లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది, తూకం కూడా చెడదు. వెనక నుంచి చూస్తే కారు నిండుగా కనిపించాలని వేసుకునేవాళ్లను నేనేం తప్పుపట్టను. నిజంగానే బావుంటుంది.

నా విషయానికొస్తే, ఇప్పుడున్న సెట్టు అరిగేలోపు ముందుకు 10 అంగుళాల రిమ్ములు, 285/35 టైర్లు పెట్టించాలని ఉంది. వాటి వ్యాసం 682, ఇప్పటి ముందు టైరుకు దగ్గరే. లోపల స్ట్రట్‌కి (సస్పెన్షన్ నిలువు కడ్డీకి) ఎంత సందు మిగులుతుందో కొలిచి చూడాలి. అది కుదిరితే వెనక మళ్లీ 305 కొంటాను. కుదరకపోతే ఆ 11 అంగుళాల రిమ్ములు అమ్మేసి ఏడాది పొడుగునా 275తోనే నడుపుతాను.