గదులు చాలని బడి: షిఫ్టులా, కొత్త గదులా, పక్క బడా?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి సెక్షన్‌లో 72 మంది ఉన్నారు. హాజరుకు ఒక్కో పేరుకు 5 సెకన్లు వేసుకున్నా 6 నిమిషాలు పోతాయి. ముగ్గురి బెంచీ మీద నలుగురు కూర్చుంటారు. చివరి పిల్ల ఒక కాలు నడవలోకి చాపి, నోటు పుస్తకం మోకాలిపై పెట్టుకుని రాస్తుంది. మా అమ్మాయి పుస్తకం తిరగేస్తే ఏ రోజు ఎక్కడ కూర్చుందో చెప్పవచ్చు. మధ్యలో కూర్చున్న రోజు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, అంచున కూర్చున్న రోజు వాలిపోతాయి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. మేము దానికి రెట్టింపు దాటాం.

విశాఖలో మేముండే మధురవాడ వైపు ఈ రద్దీ ఊరికే రాలేదు. నగరం నడుమ మురికివాడల్లో ఉన్న కుటుంబాలకు ఇక్కడ జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణ పథకం కింద కట్టిన కాలనీల్లో ఇళ్లిచ్చారు. తర్వాత అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇళ్లు పెరిగిన వేగంతో బడులు పెరగలేదు. అదే సమయంలో నగరం లోపల నేను చూసిన ఒక పాత బడిలో కొన్ని గదులకు తాళాలు, వాటి ముందు విరిగిన బెంచీల గుట్ట.

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో మూడు దారులు చర్చకు వచ్చాయి. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లున్నాయి కదా అని ఒకరు అన్నారు కానీ, వాటి ప్రవేశం ఒకటో తరగతి దగ్గరే. మా ఎనిమిదో తరగతికి అది అక్కరకు రాదు.

షిఫ్టులకే మొదట ఎక్కువ చేతులు లేచాయి. పొద్దున సగం మంది, మధ్యాహ్నం సగం మంది, రూపాయి ఖర్చు లేదు. ఢిల్లీలో ఎన్నో ప్రభుత్వ బడులు ఒకే భవనంలో పొద్దున ఆడపిల్లలకు, సాయంత్రం మగపిల్లలకు నడుస్తున్నాయి. లెక్క కూడా సరిపోతుంది. చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 రోజులు, 1,000 గంటలు చదువు చెప్పాలి. అంటే రోజుకు నాలుగున్నర గంటలకు కొంచెం పైన. గీసి గీసి అంతే ఇస్తే ఆటలు, ప్రయోగశాల, వెనకబడిన వాళ్లకు మళ్లీ చెప్పడం ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఒకామె లేచి, "మాస్టారూ, నేను ఏడింటికే పనికి వెళ్తాను. మా పిల్లకు బడి పన్నెండున్నరకు అంటే, అప్పటిదాకా ఇంట్లో దాని దగ్గర ఎవరుంటారు?" అని అడిగారు. అంతవరకు మేము లెక్కవేసింది బడి ఖర్చు మాత్రమే. ఆ మిగిలిన ఖర్చు ఆమె ఇంటి మీద పడుతుంది.

నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఎండ. మార్చి నడుమ నుంచి మన రాష్ట్రంలో ఒంటిపూట బడులు పెట్టేదే మధ్యాహ్నపు ఎండకు పిల్లలు బయట ఉండకూడదని. షిఫ్టులు పెడితే సగం మంది సరిగ్గా ఆ ఎండలోనే బయలుదేరాలి. సముద్రపు ఉక్కతో కలిసిన విశాఖ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ దీనికి చెయ్యెత్తకూడదు. నేను ఎత్తలేదు.

కొత్త గదులంటే అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. 2019లో మొదలైన నాడు-నేడు పనులతో ఎన్నో బడులకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, బెంచీలు వచ్చాయి. కానీ మా బడిలో ఖాళీగా మిగిలింది ఖోఖో ఆడే చోటు ఒక్కటే. పైఅంతస్తు వేద్దామంటే పాత స్తంభాలు మోస్తాయా అని ఇంజినీరు చూడాలి. అన్నీ కుదిరినా, పునాది తీసిన రోజు ఎనిమిదిలో ఉన్న పిల్ల తలుపులు బిగించేసరికి పది దాటిపోవచ్చు. పైగా గది మంజూరు కాగితం వేరు, టీచరు పోస్టు కాగితం వేరు. 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. అందులో మా బడి వాటా ఎంతో లెక్క తేలకుండా గోడలు లేపితే రేపు గదికీ తాళమే. గదులు అడగడం మానకూడదు, కానీ ఈ ఏడాది పిల్లలకు అవి మందు కావు.

ఇక పక్క బడి, అంటే మా పిల్లల్లో కొందరిని గదులు ఖాళీగా ఉన్న వేరే బడికి పంపడం. ఈ మాట వినగానే సమావేశం గరంగరంగా మారింది. 2022లో 117వ జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పటి చేదు ఇంకా ఉంది. చిన్న పిల్లలు రోడ్లు దాటాల్సి వచ్చింది, ఉన్న బడులేమో మరింత ఇరుకయ్యాయి. చివరికి 2025లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. మళ్లీ అదే పని చేస్తారా అన్న కోపంలో న్యాయముంది.

అయినా నేను దీనివైపే ఉన్నాను, కొన్ని షరతులతో. ఆరు, ఏడు తరగతుల పిల్లలు చిన్నవాళ్లు, వాళ్లను కదపకూడదు. పదికి పబ్లిక్ పరీక్షలు, వాళ్ల జోలికీ పోకూడదు. ఎనిమిది, తొమ్మిది తరగతులు మాత్రం మొత్తంగా, తమ టీచర్లతో కలిసి, నగరం లోపలి పాత బడిలో తాళం వేసిన ఆ గదుల్లోకి వెళ్లాలి. రిజిస్టరు, ప్రధానోపాధ్యాయులు, బడి పేరు ఇక్కడివే. మధ్యాహ్న భోజనం అక్కడే వండాలి. ఇక్కడ ఖాళీ అయిన గదుల్లో మిగతా తరగతుల సెక్షన్లను పలచన చేయవచ్చు. కొత్త గదులు వచ్చిన రోజు వెళ్లినవాళ్లు తిరిగి రావాలి, ఆ మాట తీర్మానంలో రాయాలి.

బస్సు సంగతి సగం తేలింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. మగపిల్లలకు పాసులు కావాలి. ముగ్గురం తల్లిదండ్రులం ఒక సోమవారం ఎనిమిదింటి బస్సెక్కి చూశాం. ఎండాడ, హనుమంతవాక మీదుగా 35 నిమిషాలు పట్టింది, అదీ ఫుట్‌బోర్డు మీద ఒక కాలితో. ఈ వేళకు ఇంకో బస్సు కావాలని డిపోకు అర్జీ ఇచ్చాం.

తర్వాతి సమావేశంలో ఆ ఇంటిపని చేసే ఆమే మళ్లీ అడిగారు: "బస్సు దిగాక ఆ పెద్ద రోడ్డు ఎవరు దాటిస్తారు?" అర్జీలో అది లేదు. కమిటీలో నలుగురం వారానికొకరు చొప్పున ఆ పని రాయించుకున్నాం. మొదటి వారం నాది.