మితాహారం ప్లాన్ అని 16,500 కట్టించుకున్నారు: డబ్బు కట్టేముందు లెక్క వేసుకోండి

బరువు తగ్గే ప్యాకేజీ కొనాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాక కొనండి. మాది విజయవాడ. నాకు 43 ఏళ్లు, బరువు 78 కిలోలు, ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. జూన్‌లో మా వీధి చివర ఉన్న న్యూట్రిషన్ సెంటర్‌లో చేరాను. పేరు రాయను, ఇలాంటివి కాలనీకొకటి ఉన్నాయి.

అన్నం దాదాపు మానేసే కీటో, కటిక ఉపవాసాలు నా వల్ల కావని ముందే చెప్పాను. "మనది అలాంటిది కాదు మేడమ్, అన్నం మానక్కర్లేదు, మితంగా తినడమే" అన్నారు. ఆ మాటకే పడిపోయాను. మూడు నెలల డబ్బు మొత్తం ముందే యూపీఐలో వేయించుకున్నారు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో థాంక్యూ అని మెసేజ్ వచ్చింది.

వాళ్ల మితం ఇదీ: పొద్దున, రాత్రి పాలల్లో వాళ్లిచ్చిన డబ్బాలోని పొడి కలుపుకుని తాగాలి. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, కూర, మజ్జిగ. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. మొదటి వారమే మూడు కిలోలు తగ్గాను. అందరిముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు, గ్రూపులో ఫొటో పెట్టారు. అందులో చాలా భాగం నీరేనని తర్వాత తెలిసింది. తిండి బాగా తగ్గించగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) ఖర్చవుతుంది, దాని గ్రాముకు మూడు గ్రాముల దాకా నీరు కూడా పోతుంది. కొవ్వు అంత త్వరగా కరగదు.

ఆగస్టులో బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగుతూ కళ్లు తిరిగి అక్కడే కూర్చుండిపోయాను. సెంటర్‌కి ఫోన్ చేస్తే "విషాలు బయటికి పోతున్నాయి, మంచిదే" అన్నారు! డాక్టర్ దగ్గర చూస్తే బీపీ 90/60కి పడిపోయింది. తిండి అంత తగ్గించి, పాత డోసు మాత్రే వేసుకుంటూ ఉన్నాను మరి. ఏ మందులు వాడుతున్నారని సెంటర్‌లో ఒక్కరూ అడగలేదు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లకైతే ఇది ఇంకా ప్రమాదం, షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. మా కోచ్ ఏం చదివిందని ఆరా తీస్తే, నాలుగు నెలల ముందు ఆవిడా నాలాగే కస్టమర్.

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. డబ్బా మీది లేబుల్ చూసి రోజంతటిదీ కూడింది. రెండు గ్లాసులూ కలిపి 400 క్యాలరీలు, మధ్యాహ్నం భోజనం 300, శనగలు 100. మొత్తం 800! హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, బరువు తగ్గే ఆహారం కూడా రోజుకు వెయ్యి క్యాలరీలకు తగ్గకూడదని, వారానికి అరకిలో తగ్గితే క్షేమమని ఉంది. ఈ కూడికేదో డబ్బు కట్టకముందే చేయాల్సింది. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు ఆసుపత్రి డైటీషియన్ చెప్పినట్టు తింటున్నాను. ఫీజు 500. ఇదివరకు ఇంట్లో తినే మూడు గరిటెల అన్నం రెండయింది, పప్పూ కూరా పెరిగాయి, టీలో చక్కెర పోయింది, నూనె సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోస్తున్నాను. మొత్తమ్మీద మామూలు తిండిలో 400, 500 క్యాలరీలు తగ్గాయంతే. నెలకు కిలోన్నర తగ్గుతున్నాను, చప్పట్లు లేవు. సెప్టెంబరులో మొదలైన జుట్టు రాలడం మాత్రం ఇంకా ఆగలేదు. ఒక్కసారిగా బరువు తగ్గితే రెండు మూడు నెలల తర్వాత అలా రాలుతుందట.

మిగిలిన నెల డబ్బు వెనక్కివ్వమంటే, "ప్లాన్ తప్పింది మీరే" అన్నారు. ఆడపడుచు కూతురి పెళ్లిలో పులిహోర తిన్నానని గ్రూపులో నేనే ఒప్పుకున్నాను లెండి, దాని స్క్రీన్‌షాట్ పంపించారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు అడిగారు. నా దగ్గరున్నవి యూపీఐ రసీదు, ఆ థాంక్యూ మెసేజ్, సగం పొడి మిగిలిన డబ్బా. సాక్ష్యానికి అడుగుతారేమోనని డబ్బా ఇంకా పారేయలేదు.