హాసెల్‌బ్లాడ్‌ను అమ్మి మామియాను ఉంచుకున్నాను: ప్రకృతి దృశ్యాలకు రెండు ఫిల్మ్ కెమెరాల సమీక్ష

చాలా ఏళ్లుగా నా బీరువాలో రెండు మీడియం ఫార్మాట్ (మామూలు 35 మిల్లీమీటర్ల కంటే పెద్ద ఫిల్మ్ వాడే) కెమెరాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి 80 మిల్లీమీటర్ల ప్లానార్ లెన్స్‌తో హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం, రెండోది 50, 90, 180 లెన్స్‌లతో మామియా ఆర్‌బీ67 ప్రో-ఎస్. రెండూ 120 ఫిల్మే వాడతాయి, రెండింటికీ బ్యాటరీ అక్కర్లేదు, రెండింటిలోనూ షట్టర్ (వెలుతురును లోపలికి వదిలి మూసే తెర) లెన్స్‌లోనే ఉంటుంది. హాసెల్‌బ్లాడ్ చతురస్రం చిత్రాన్ని ఇస్తుంది, మామియా దీర్ఘచతురస్రాన్ని ఇస్తుంది. రంగుల ఫిల్మ్ రోలు వెయ్యి రూపాయలు దాటిపోయిన ఈ రోజుల్లో రెండింటినీ వాడుకలో ఉంచడం, రెండింటి షట్టర్లనూ శుభ్రం చేయించుకుంటూ రావడం నా వల్ల కాలేదు. నేను ఫిల్మ్ వాడేది కొండలు, నదులు, పొలాలు తీయడానికే కాబట్టి, ఆ ఒక్క పనికి ఏది బాగా ఉపయోగపడుతుందో చూసి హాసెల్‌బ్లాడ్‌ను అమ్మేశాను. మిత్రుల్లో ఎక్కువమంది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సలహా ఇచ్చారు కనుక నా కారణాలను వివరంగా రాస్తున్నాను.

ముందుగా హాసెల్‌బ్లాడ్ గొప్పతనం చెప్పాలి. 1970లో వచ్చిన ఈ మోడల్ లెన్స్, ఫిల్మ్ బ్యాక్‌తో (ఫిల్మ్ ఉండే, ఊడదీయగల వెనక పెట్టె) కలిపి కిలోన్నర బరువు మాత్రమే ఉంటుంది. లంబసింగి మంచులో ఒక బ్యాక్‌లో ఎక్టార్ రంగుల ఫిల్మ్, ఇంకో బ్యాక్‌లో నలుపు తెలుపు ఎఫ్‌పీ4 పెట్టుకుని, వెలుతురు మారినప్పుడల్లా ఫిల్మ్‌కు వెలుతురు సోకకుండా అడ్డుపడే డార్క్ స్లైడ్ రేకును దూర్చి బ్యాక్ మార్చుకుంటూ తీసిన ఉదయాలు నాకు ఇప్పటికీ ఇష్టమైనవి. లెన్స్ పదును గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిత్రం తీసేటప్పుడు అదురు రాకుండా లోపలి అద్దాన్ని, అంటే మిర్రర్‌ను, ముందే పైకి లేపుకోవడానికి పక్కనున్న చిన్న మీట నొక్కితే చాలు, కేబుల్ రిలీజ్ ఒక్కటే సరిపోతుంది. ఈ విషయంలో అది మామియా కంటే ఎంతో సుఖం.

అయినా నిర్ణయం అటు మొగ్గకపోవడానికి కారణం నా కాంటాక్ట్ షీట్లే, అంటే రోలులోని చిత్రాలన్నీ నెగటివ్ సైజులోనే ఒకే కాగితం మీద వేసిన ప్రింట్లే. ఒక ఆదివారం వాటన్నింటినీ నేలమీద పరిచి, ప్రింటు వేయించడానికి ముందు నేను గ్రీజు పెన్సిల్‌తో గీసుకున్న గీతలను వరసగా చూశాను. మంచులో ఒంటరిగా నిలబడ్డ చెట్టు, చెరువు మధ్యలో ఒక బండ వంటి కొన్ని చిత్రాలు చతురస్రంలో హాయిగా ఇమిడిపోయాయి. తక్కిన వాటిలో చాలామటుకు పైన ఆకాశమో, కింద ఖాళీ నేలో కోసేసి దీర్ఘచతురస్రంగానే ప్రింటు వేయించాను. చతురస్రంలో చూడటం అలవాటు చేసుకోవాలని ఎంత ప్రయత్నించినా, నేను తీసే ప్రదేశాలు అడ్డంగా విస్తరించినవి కావడం వల్ల కన్ను అడ్డంగానే చూసింది.

అలా కోయడం వల్ల పోయేదెంతో లెక్క వేసుకుంటే విషయం స్పష్టమవుతుంది. నేను ఎక్కువగా వేయించేది 16 బై 20 అంగుళాల ప్రింటు. మామియా నెగటివ్ దాదాపు 56 బై 70 మిల్లీమీటర్లు ఉంటుంది, నిష్పత్తి ఆ కాగితానికి సరిగ్గా సరిపోతుంది కాబట్టి దేన్నీ కోయకుండా ఏడుంపావు రెట్లు పెద్దది చేస్తే సరిపోతుంది. హాసెల్‌బ్లాడ్ చతురస్రం నుంచి అదే నిష్పత్తి కోస్తే మిగిలేది 45 బై 56, దాన్ని తొమ్మిది రెట్లు పెంచాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అయితే దాదాపు పదిహేడు రెట్లు పెంచాల్సి వస్తుంది. రోలుకు హాసెల్‌బ్లాడ్‌లో పన్నెండు చిత్రాలు, మామియాలో పది చిత్రాలు అన్న తేడా నాకు పెద్దదిగా అనిపించలేదు, ఎందుకంటే ఒక ఉదయం నిజంగా తీయదగిన చిత్రాలు నాలుగైదుకు మించి దొరకవు.

ఇక ఆర్‌బీ67 పనితీరు గండికోటలో తెలిసినంత బాగా నాకు ఇంకెక్కడా తెలియలేదు. పెన్నా లోయ అంచున ఎర్రటి బండల మీద ట్రైపాడ్ కాళ్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో నిలబెట్టి, నీటిమట్టం బుడగ మధ్యకు వచ్చేదాకా సర్దుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. అలా నిలబెట్టాక అడ్డం చిత్రం నుంచి నిలువు చిత్రానికి మారాలంటే మామూలు కెమెరాను ట్రైపాడ్ తలతో సహా పక్కకు వంచాలి, దాంతో బరువు ఒక పక్కకు ఒరిగి కూర్పంతా చెదిరిపోతుంది. ఆర్‌బీలో కెమెరా కదలదు, వెనకున్న ఫిల్మ్ బ్యాక్‌ను మాత్రం చేత్తో తొంభై డిగ్రీలు తిప్పితే టక్కుమని కూర్చుంటుంది. సూర్యుడు అవతలి గట్టు పైకి వచ్చే ఆ కొద్ది నిమిషాల్లో ఇది చేసే మేలు అంతా ఇంతా కాదు. 50 లెన్స్‌ రంధ్రాన్ని బాగా చిన్నదిగా, ఎఫ్ 22 దగ్గర పెట్టి రెండున్నర మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే కాళ్ల ముందున్న గడ్డి నుంచి లోయ అవతలి రాతి పొరల దాకా ప్రింటులో స్పష్టంగా వచ్చాయి.

లోపాలు లేవని కాదు. 90 లెన్స్‌తోనే బరువు రెండున్నర కిలోలు దాటుతుంది, దానికి తగ్గ ట్రైపాడ్ వేరుగా మోయాలి. షట్టర్‌నూ మిర్రర్‌నూ సిద్ధం చేయడానికి కెమెరా పక్కన ఒక పెద్ద మీట, ఫిల్మ్ తిప్పడానికి బ్యాక్ మీద ఇంకో మీట, రెండూ విడివిడిగా నొక్కాలి. మిర్రర్‌ను ముందుగా లేపాలంటే లెన్స్ మీదున్న గుబ్బను తిప్పి, కెమెరా బటన్‌తో మిర్రర్‌ను లేపి, ఆ తర్వాత లెన్స్‌కు బిగించిన కేబుల్‌తో షట్టర్ విడవాలి. సెకను దాటిన ఎక్స్‌పోజర్లకు ‘టీ’ అనే అమరిక ఒక్కటే ఉంది, దాన్ని ముగించడానికి వేగాల రింగును చేత్తో తిప్పాల్సి రావడం వల్ల కెమెరా అదురుతుంది. జలపాతాల దగ్గర నేను ముందు నల్లటి టోపీని లెన్స్‌కు అడ్డం పెట్టి, ఆ తర్వాతే రింగు తిప్పుతాను.

పాతది కొనేవారు బెలోస్‌ను (ఫోకస్ కోసం సాగే, మడతల సంచి లాంటి భాగాన్ని) చీకటి గదిలో టార్చి వేసి తప్పకుండా పరీక్షించాలి, మడతల మూలల్లో సూదిమొన అంత రంధ్రాలు పడతాయి. ఫిల్మ్ బ్యాక్‌లోని నల్లటి ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ తారులా కరిగి వేళ్లకు అంటుకుంటుంది. చాలా బాగుందని చెప్పి నాకు బ్యాక్ అమ్మిన ఒక వ్యాపారి ఈ సంగతి దాచాడు, మొదటి రోలు అంచులన్నీ వెలుతురు సోకి పాడయ్యాయి. ఫోమ్ మార్పించడం ఖరీదైన పని కాదు, కానీ పోయిన ఉదయం తిరిగి రాదు. వానాకాలంలో లెన్స్‌లను సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే ఫంగస్ పట్టడం ఖాయం.

ఎక్కువ దూరం నడిచేవారు, ట్రైపాడ్ లేకుండా తీసేవారు, చతురస్రంలోనే చూడగలిగేవారు హాసెల్‌బ్లాడ్‌నే ఉంచుకోవాలని నిస్సందేహంగా చెబుతాను. అమ్మిన డబ్బుతో నేను ఆర్‌బీకి రెండో బ్యాక్, రెండేళ్లకు సరిపడా ఫిల్మ్ కొనుక్కున్నాను. మామియాలో వెలుతురు కొలిచే మీటర్ లేదు కాబట్టి, మీటర్ ఉన్న 35 మిల్లీమీటర్ల కెమెరా నికాన్ ఎఫ్‌ఎం2ను సంచిలో ఉంచుకున్నాను. దానికి 135 లెన్స్ తగిలించి అవతలి గట్టు నీడ మీదకు ఒకసారి, ఎండ పడిన బండ మీదకు ఒకసారి గురిపెడతాను, ఫైండర్‌లో సున్నా ఒక్కటే ఎర్రగా వెలిగిన (అంటే ఎక్స్‌పోజర్ సరిపోయిన) రెండు కొలతలనూ చూసుకుని వాటి మధ్య విలువను మామియా లెన్స్‌కు ఎక్కిస్తాను.