ఎనిమిది లైన్ల తెర, నాలుగు పెన్సిల్ సెల్స్: టీఆర్‌ఎస్-80 మోడల్ 100తో నా ఇన్నేళ్లు

1997లో అమెరికాలో ఫోర్ట్‌వర్త్ దగ్గర ఒక గరాజ్ సేల్‌లో 20 డాలర్లకు కొన్నాను ఈ చిన్న పోర్టబుల్ కంప్యూటర్ని. పని చేస్తుందో లేదో తనకు తెలీదన్నాడు అమ్మినాయన. కారులో కూర్చుని నాలుగు పెన్సిల్ సెల్స్ వేసి పక్కనున్న స్విచ్ జరిపితే చాలు, మెనూ వచ్చేసింది. ఆఫీసులో నా విండోస్ 95 లేచేలోపు నేను కాఫీ తెచ్చుకునేవాణ్ణి. అక్కడే దీనికి పడిపోయాను.

రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాలు నడిపిన టాండీ కంపెనీ ఊరే ఫోర్ట్‌వర్త్. కాబట్టి అక్కడ ఇది దొరకడం వింతేమీ కాదు. పేరు టాండీదే గానీ తయారుచేసింది జపాన్ కంపెనీ క్యోసెరా. 1983లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ఆస్‌బోర్న్ 1 కూడా పోర్టబులే, కాకపోతే దాదాపు 11 కిలోలు, పైగా గోడకు ప్లగ్ పెట్టాల్సిందే. ఇది ఏ4 కాగితమంత, రెండంగుళాల మందం, సెల్స్‌తో కలిపి రెండు కిలోల లోపు.

నేను దీన్ని ఇన్నాళ్లు ఉంచుకున్నది కీబోర్డు కోసం. పూర్తి సైజు కీలు, లోతుగా దిగుతాయి, చప్పుడు కూడా గట్టిగానే చేస్తాయి. రాత్రి పదకొండు తర్వాత మా ఆవిడ హాల్లోకి పంపించేస్తుంది. బాణం కీలు మాత్రం పై వరసలో ఒకదాని పక్కన ఒకటి నాలుగూ వరసగా పెట్టారు. ఇప్పటికీ పైకి వెళ్లబోయి పక్కకు వెళ్తుంటాను.

తెర మీద 40 అక్షరాల వెడల్పున 8 లైన్లు. లోపల దీపం లేదు. పక్కనున్న చక్రం తిప్పి మన చూపుకు సరిపెట్టుకోవాలి. పగటి వెలుగులో హాయిగా ఉంటుంది, మంచం మీద దిండుకు ఆనుకుని రాద్దామంటే కుదరదు. పెద్ద ఫైలులో పైకీ కిందికీ జరగడం నత్తనడకే. నిన్న రాసింది దిద్దుకునే పని దీని మీద పెట్టుకోకండి. ముందుకు రాసుకుంటూ పోవడానికే ఇది.

తెలుగు ఎలా అంటారా? ఇందులో ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలే. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో కొడతాను: చిన్న ‘ఎన్’ అంటే న, పెద్దది ణ, చిన్న ‘టి’ త, పెద్దది ట. షిఫ్ట్ కీకి విశ్రాంతి ఉండదు. ఇప్పుడైతే సీరియల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పంపి లేఖిని అనే వెబ్‌సైటులో అతికిస్తే తెలుగు లిపి వచ్చేస్తుంది. 32 కిలోబైట్ల మెమరీలో మనకు మిగిలేది 29,638 బైట్లు. నా లెక్కన సుమారు మూడు వేల తెలుగు మాటలు.

అమెరికాలో పత్రికల విలేకరులు దీన్ని ఎందుకంత ఇష్టపడ్డారో అర్థమవుతుంది. ఫోను లైను మీద రాతను పంపే మోడెమ్ లోపలే ఉంది. వేగం 300 బాడ్, అంటే సెకనుకు 30 అక్షరాలు. మూడు వేల అక్షరాల వార్త స్టేడియం ఫోను నుంచి నిమిషం నలభై సెకన్లలో ఆఫీసు చేరుతుంది. సెల్స్ దాదాపు 20 గంటలు వస్తాయి. అవి అయిపోవస్తే చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఫైళ్లన్నీ మెమరీలోనే ఉంటాయి. సెల్స్ తీసేస్తే లోపల అతికించిన చిన్న బ్యాటరీ వాటిని కొన్ని రోజులే కాపాడుతుంది. ఈ సంగతి తెలిసి కూడా 2003లో ఇండియా వెళ్తూ, సెల్స్ కారతాయేమోనని తీసేసి పోయాను. రెండు నెలల తర్వాత వచ్చి చూస్తే మెనూ ఖాళీ. అమ్మ చెప్పిన ఊరగాయల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. మళ్లీ ఫోన్ చేసి రాసుకున్నాను. ఈసారి ఆవకాయకి ఉప్పు లెక్క మారింది, అదేమంటే "నేనెప్పుడూ ఇంతే వేస్తాను" అంది.

ఇప్పుడు కొనేవాళ్లు ఆ లోపలి బ్యాటరీని ముందే మార్పించుకోండి. పాతబడితే కారి బోర్డును తినేస్తుంది. టంకం పని వచ్చినవాళ్లకు అరగంట. తెర మీది చుక్కల్లో నిలువు వరసలేమైనా మాయమయ్యాయేమో కూడా చూసుకోండి.

రోమ్‌లో, అంటే చెరగని మెమరీలో, ప్రోగ్రాములు రాసుకునే బేసిక్, రాతకు టెక్స్ట్, మోడెమ్ నడిపే టెల్‌కామ్, అడ్రసుల పట్టిక, షెడ్యూలు ఉన్నాయి. చివరి రెండూ నేను ముట్టుకోలేదు. కోడ్‌లో పెద్ద వాటా తాను స్వయంగా రాసిన చివరి యంత్రం ఇదేనని బిల్ గేట్స్ తర్వాత చెప్పుకున్నారు. ఆ రోమ్‌లోనే సంవత్సరానికి ముందు 19 అని శాశ్వతంగా రాసిపెట్టేశారు. అందుకే 2025 పొడుగునా మెనూ పైన 1925 అనే కనిపించింది. మా నాన్నగారు పుట్టిన సంవత్సరం.