తెలంగాణ ఈపాస్ స్కాలర్‌షిప్: ఎంబీబీఎస్ చదివించిన ఒక ఇంటి నుంచి సమీక్ష

2019లో మా చెల్లెలికి నీట్ ర్యాంకు మీద, తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటాలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో మగ్గం మీద బతికే కుటుంబం. ఇంట్లో కంప్యూటరు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, ఆ సంవత్సరం నుంచి ఆమె చదువు పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడం, ధ్రువపత్రాలు సమకూర్చడం, కాలేజీ ఆఫీసుకు తిరగడం నా వంతయింది. ఈ ఏడాది సీటు తెచ్చుకున్న పిల్లల తల్లిదండ్రులకు, అన్నలకు, అక్కలకు ఉపయోగపడుతుందని ఆ అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ట్యూషన్ ఫీజు వరకు ఈపాస్ పథకం మా ఇంటిని నిలబెట్టింది. అది లేకపోతే సీటు వచ్చినా మా నాన్న దాన్ని వదులుకోమనే చెప్పేవారు. అయితే వైద్య విద్యార్థికి ఐదున్నరేళ్లలో అయ్యే ఖర్చులో ట్యూషన్ ఫీజు ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగానికి ఈ పథకం ఇచ్చేది చాలా తక్కువ, ఇచ్చే భాగమైనా సమయానికి రాకపోతే ఆ బరువు మళ్లీ తల్లిదండ్రుల మీదే పడుతుంది. అందుకే ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నాను.

ఈపాస్ అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వ్యవస్థ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ దాన్ని కొనసాగించింది. ఇందులో వచ్చే సాయం రెండు రకాలు. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది కాలేజీ ఖాతాకు వెళుతుంది. ఎంటీఎఫ్ అంటే తిండికీ వసతికీ ఇచ్చే మొత్తం, అది విద్యార్థి సొంత బ్యాంకు ఖాతాలో పడుతుంది. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. దరఖాస్తు ఒకసారి చేసి ఊరుకుంటే సరిపోదు, ప్రతి సంవత్సరం రెన్యువల్ చేయాలి. మెడికల్ విద్యాసంవత్సరం మిగతా కోర్సులతో కలిసి నడవదు కాబట్టి, డిగ్రీ చదివే పక్కింటి అబ్బాయిని చూసి గడువు అంచనా వేసుకుంటే పొరపాటవుతుంది.

ఈ సాయం విలువ తెలియాలంటే ఫీజుల అంకెలు చూడాలి. తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000 రూపాయలు. ప్రైవేటు కాలేజీలో సగం సీట్లు ఎ కేటగిరీ, అంటే కన్వీనర్ కోటా. వాటి ఫీజు ఏడాదికి 60,000. అదే కాలేజీలో, అదే తరగతి గదిలో, బి కేటగిరీ, అంటే యాజమాన్య కోటా విద్యార్థి ఏడాదికి 11 లక్షలకు పైగా కడతారు. ఎన్నారై కోటా దానికి రెట్టింపు దాకా ఉంటుంది. రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం ఫీజు చెల్లించడం, వర్తించేది కన్వీనర్ కోటాకే. 2014లో 5 ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2024 నాటికి 34 అయ్యాయి గనుక ఇప్పుడు పేద పిల్లలకు ప్రభుత్వ సీటు దొరికే అవకాశం బాగా పెరిగింది, అది సంతోషించదగిన విషయం. మా చెల్లెలి సంవత్సరంలో అన్ని కాలేజీలు లేవు, మాకు ప్రైవేటు సీటే గతి అయింది. ఏడాదికి 60,000 అంటే అప్పట్లో మా అమ్మానాన్నలు ఇద్దరూ కలిసి నేసిన చీరల మీద నాలుగైదు నెలల కూలి.

ఇక దరఖాస్తు సంగతి. పోర్టల్ బాగానే పనిచేస్తుంది, తెలిసినవారికి అరగంట పని. పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు ఇస్తే పేరూ వివరాలూ అవే వస్తాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవ నంబర్లు ఇవ్వాలి. తర్వాత మీసేవలో వేలిముద్ర వేయించి, ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ వాళ్లు పరిశీలించి పంపితే జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేస్తారు, ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళుతుంది. దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందో ఇంట్లోనే కూర్చుని చూసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం వల్ల మాకు ఎన్ని బస్సు చార్జీలు మిగిలాయో లెక్కలేదు.

మాకు ఇబ్బంది వచ్చింది పోర్టల్ వల్ల కాదు, మా కాగితాల వల్లే. చెల్లెలి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. రెండూ కలవకపోవడంతో మొదటి దరఖాస్తు ముందుకు కదల్లేదు. ఆధార్‌లో మార్పించడానికి రెండు వారాలు పట్టింది. మెమోలో మార్పించాలంటే ఎన్ని నెలలు పట్టేదో ఊహించలేను. రెండో తప్పు, చిన్నప్పుడు స్కూల్లో తెరిపించిన జీరో బ్యాలెన్స్ ఖాతా నంబరు ఇవ్వడం; అది చాలాకాలం వాడక నిలిచిపోయి ఉంది. నీట్ ఫలితం వచ్చిన రోజునే మెమో, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి పేరును అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఆదాయ ధ్రువపత్రం గడువు కూడా చూసుకోవాలి.

అసలు కష్టం కాలేజీ దగ్గర మొదలైంది. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. రెండో సంవత్సరం మొదట్లో ఆఫీసులో గుమాస్తా, “బాబూ, ప్రభుత్వం డబ్బు వచ్చినప్పుడు మీది మీకు తిరిగి ఇస్తాం, ఇప్పుడు మాత్రం ఫీజు మీరే కట్టాలి, లేదంటే పరీక్షకు పేరు పంపడం కష్టం” అన్నాడు. రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న విద్యార్థి నుంచి ముందుగా ఎందుకు కట్టించుకుంటున్నారని అడిగితే, లిఖితపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. చివరికి సగం, అంటే 30,000 కట్టి, మిగతా సగానికి హామీపత్రం రాసిచ్చాం. ఆ 30,000 కోసం అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టాం. నేను చేసిన మంచి పని ఒక్కటే, రసీదు పట్టుబట్టి తీసుకున్నాను, దాని మీద ‘ట్యూషన్ ఫీజు’ అని రాయించాను. ‘ఇతర ఫీజులు’ అని రాసిన రసీదుతో తర్వాత డబ్బు వెనక్కి అడగడం చాలా కష్టమని మా చెల్లెలి సీనియర్లు ముందే హెచ్చరించారు.

కాలేజీల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాష్ట్రంలో ఏళ్ల తరబడి పేరుకుపోతూ వచ్చాయి. 2025లో ప్రైవేటు ప్రొఫెషనల్, డిగ్రీ కాలేజీల యాజమాన్యాలు ఆ బకాయిల కోసం బంద్ కూడా పాటించాయి. జీతాలు ఇవ్వాల్సిన యాజమాన్యానికి ఇబ్బంది ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి పద్దెనిమిదేళ్ల విద్యార్థిని తాకట్టుగా నిలబెట్టడం ఎంతమాత్రం సమంజసం కాదు. పథకంలో అన్నిటికంటే ముందు సరిదిద్దవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం: ఏ నెలలో ఎంత విడుదలవుతుందో విద్యాసంవత్సరం మొదట్లోనే ప్రకటించి, ఆ తేదీకి కట్టుబడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సమస్యకు మరో దారి ప్రయత్నించారు. విద్యా దీవెన పేరుతో ఫీజును మూడు నెలలకొకసారి తల్లుల ఖాతాల్లో వేసేవారు, వాళ్లు కాలేజీకి కట్టేవారు. వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 ఇచ్చేవారు. 2024లో ప్రభుత్వం మారాక ఫీజును మళ్లీ నేరుగా కాలేజీలకే ఇచ్చే పద్ధతి తెచ్చారు. గుంటూరులో ఉండే మా బంధువుల అమ్మాయి విషయంలో చూశాను: డబ్బు తన ఖాతాలో పడ్డప్పుడు వాళ్లమ్మ కాలేజీకి వెళ్లి టీచర్ల గురించి, ల్యాబుల గురించి ధైర్యంగా అడిగేది. అదే విడత ఆలస్యమైతే మాత్రం కాలేజీ ఫోన్లన్నీ ఆవిడకే వచ్చేవి. ఏ ఖాతాలో వేసినా, వేసే తేదీ నిలకడగా లేకపోతే కుటుంబానికి ఒరిగేది తక్కువ.

ఇప్పుడు తిండీ వసతీ సంగతి. నా దృష్టిలో వైద్య విద్యార్థికి స్కాలర్‌షిప్ ఎక్కువగా చాలకుండా పోయేది ఇక్కడే. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో వృత్తివిద్యా కోర్సుల హాస్టల్ విద్యార్థికి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చి చదివేవారికి 7,000 రూపాయలు ఉంది. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీలను 2024లో నెలకు 2,100కు పెంచారు. మా చెల్లెలి కాలేజీ హాస్టల్లో ఒక్క మెస్ బిల్లే నెలకు 4,000 దాటేది, గది అద్దె వేరు. మొదటి సంవత్సరంలో ఏప్రన్లు, డిసెక్షన్ సామగ్రి, స్టెతస్కోపు, బీపీ మిషను కొన్నాం. అనాటమీకి ఎముకల సెట్టు ఒక సీనియర్ దగ్గర సగం ధరకు దొరికింది. పుస్తకాలు హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి తెచ్చాం. కొత్తవి కొంటే ఆ ఒక్క ఏడాదికే రెండు నెలల కూలి పోయేది. మెడిసిన్ విద్యార్థి సాయంత్రం ట్యూషన్లు చెప్పో, సెలవుల్లో పనిచేసో ఈ ఖర్చు సంపాదించుకోలేదు, ఆ చదువు అంత సమయం మిగల్చదు. అందుకే ఎంబీబీఎస్‌కు ఎంటీఎఫ్ రేటును విడిగా నిర్ణయించాలని, మొదటి సంవత్సరంలో సామగ్రికి ఒకసారి ప్రత్యేక మొత్తం ఇవ్వాలని కోరుతున్నాను.

ఆదాయ పరిమితి కాస్త దాటిన కుటుంబాలకు ఈపాస్ ఏమీ చేయలేదు. వాళ్లు చూడవలసింది 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి. హామీదారు లేకుండా విద్యారుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో, అంటే వాయిదాలు మొదలయ్యేదాకా, 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఇది ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికే వర్తిస్తుంది, ఆ జాబితా కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల మీద ఆధారపడుతుంది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే ముందే కాలేజీ పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి.

మన వైద్య కళాశాలల పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి పూనుకున్నారు, అది గొప్ప పని. అదే మనసుతో ప్రతి బ్యాచ్‌లో పదిమంది పేద విద్యార్థుల మెస్ బిల్లు నేరుగా హాస్టల్‌కు కట్టే నిధి ఒకటి ప్రతి కాలేజీలోనూ ఉంటే, ఈపాస్ వదిలేసిన చోటు చాలావరకు నిండుతుంది. దానికి కావలసిన మొత్తం ఒక భవనం ఖర్చులో చిన్న వంతే.

ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కోసం మా చెల్లెలికి ఒరిజినల్ సర్టిఫికెట్లు అవసరమయ్యాయి. రెండేళ్ల ఫీజు ఇంకా రాలేదని కాలేజీలో చెప్పారు. ఐదేళ్లుగా దాచిన ఫైలు తీసుకుని వెళ్లాను: ప్రతి సంవత్సరం దరఖాస్తు ప్రింటు, మంజూరైనట్టు చూపే స్టేటస్ కాగితం, 30,000 రసీదు. ఒక్కో కాగితం తేదీలతో సహా బల్ల మీద పెట్టి, మంజూరైన ఫీజు ఎంతో, మేం కట్టింది ఎంతో రాసి చూపించాను. మూడు రోజుల తర్వాత సర్టిఫికెట్లు ఇచ్చారు. 30,000 తిరిగి వచ్చింది మాత్రం మరో నాలుగు నెలలకు. ఆ రోజే అమ్మ కమ్మలు విడిపించాం.